గోడ మీటరు చూడని రెండున్నర గంటలు

మా తమ్ముడు పోలీసు ఇన్‌స్పెక్టరు. నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. వాడికి అక్షరాలు దిద్దించింది నేను, సైకిలు నేర్పింది నేను, మొదటిసారి డ్యూటీకి వెళ్లేటప్పుడు చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది నేను. ఇన్ని చేసినా, ఆ రోజు మధ్యాహ్నం రెండుంబావుకి ఆ ఇంటి గేటు దగ్గర నన్ను చూడగానే పంటి నొప్పి వచ్చినవాడిలా మొహం పెట్టాడు.

ఎందుకొచ్చావని అడిగాడు. పిలిస్తే వచ్చానన్నాను. పిలిచింది ఆ ఇంటి కొడుకు, లారీ డ్రైవరు. దారిలో బండి ఆపి ఫోను చేశాడు. తండ్రి స్పృహ లేకుండా ఆస్పత్రిలో ఉన్నాడు, ఆయన్ని మెట్ల మీంచి తోసింది తన భార్యేనంటున్నారు, తను చేరేసరికి రేపవుతుంది. ఈలోగా మీరే దిక్కని ఏడ్చాడు. కరెంటు ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు మీటర్లు పరీక్షించి రిటైరైన దాన్ని. ఆ పనిలో మొదట దొంగ మీటర్లని పట్టుకున్నాను, తర్వాత దొంగల్నే పట్టుకోవడం అలవాటైంది. అందరూ నన్ను మీటరమ్మ అంటారు. మా వాడి స్టేషన్లో కూడా అంటారట, వాడు లేనప్పుడు.

"నాలుగింటికి ఆ అమ్మాయిని స్టేషనుకి తీసుకెళ్తున్నానక్కా" అన్నాడు. "ఈలోగా ఏం చూసుకుంటావో చూసుకో. అడ్డం మాత్రం రాకు."

"అడ్డం రానులేరా. అన్నం తిన్నావా?"

"కేసులో ఉన్నప్పుడు ఇవన్నీ అడక్కు." పక్కన నిలబడ్డ కానిస్టేబులు నవ్వాపుకోలేక గేటు గడియ సరిచేస్తున్నట్టు అటు తిరిగాడు.

కేసు ఏమిటో వాడి నోటితోనే చెప్పించాను. ముందురోజు పదకొండూ ఐదుకి వీధి మొత్తానికి కరెంటు పోయింది. ఒకటీ ముప్పై ఐదుకి వచ్చింది. ఒకటీ నలభైకి కోడలు పెరట్లోకి వచ్చి, ఇంటి పైకప్పుకి వెళ్లే బయటి మెట్ల కింద మామగారు పడి ఉండటం చూసింది. పడి గంటకు పైనే అయిందని డాక్టరు అన్నాడు. వెనక గదిలో కుట్టుమిషను మీద పని చేస్తున్నానని, ఆ మోతలో పడిన చప్పుడు వినబడలేదని కోడలు చెప్పింది.

"ఆ మిషను మోటారుది" అన్నాడు తమ్ముడు. "వీధిలో కరెంటు లేదు. పైన సోలార్ ఉంది, నిజమే. కానీ అది ఎంత తయారుచేసిందో లెక్క కట్టే మీటరు గోడకే ఉంది. పావుగంటకోసారి అంకె దాచుకుంటుంది. ఆ రెండున్నర గంటలూ సున్నా. మరి మిషను దేనితో నడిచింది, నీ దీవెనలతోనా?"

బ్యాటరీ ఉంది కదా అన్నాను. దాని స్విచ్ కూడా ఆపేసి ఉందని, సిస్టం మొత్తం పడుకుందని సోలార్ మేస్త్రి కాగితం మీద రాసిచ్చాడట. ఆ ఇంటికి అన్నీ బిగించింది అతనే. వార్త తెలిసి అదే మధ్యాహ్నం రెండింటికల్లా పరిగెత్తుకొచ్చాడు, పైకెళ్లి అన్నీ చూసొచ్చాడు, పెద్దాయన్ని జాగ్రత్తగా బండిలోకి ఎక్కించాడు, అప్పట్నుంచీ ఆస్పత్రిలో మంచం పక్కనే ఉన్నాడు. ఇంటి మనిషైనా అంత చెయ్యడని మా వాడు మెచ్చుకున్నాడు. మొన్న మామా కోడళ్లిద్దరూ గట్టిగా అరుచుకోవడం పక్కింటివాళ్లు విన్నారట. కాబట్టి, మిషను నడిచిందన్నది అబద్ధం, చప్పుడు వినలేదన్నది అబద్ధం, తోసింది కోడలే. మూడు మెట్లలో కేసు తేల్చేశాడు.

వాడి మీద కోపం వచ్చింది. ముద్దూ వచ్చింది. చిన్నప్పుడు లెక్కల్లో కూడా అంతే, జవాబు ముందు రాసి తర్వాత లెక్క చేసేవాడు.

*

వెనక గదిలో ఆ అమ్మాయి మిషను ముందు కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉండవు. మెడలో కొలత టేపు, చేతిలో కళ్లజోడు. ఆ కళ్లజోడు ఆమెది కాదు, మందపాటి అద్దాలు, ఒక కాడకి నీలం దారం చుట్టి ఉంది. నేను వెళ్లగానే అడిగిన మొదటి మాట తన గురించి కాదు.

"ఆస్పత్రికి ఒక్కసారి వెళ్లనివ్వమని చెప్పండి మేడమ్. సాయంత్రానికల్లా మామయ్య కళ్లు తెరవచ్చన్నారట. జోడు లేకపోతే ఆయన కంటికి ఎవరూ ఆనరు. కొత్త మొహాల మధ్య భయపడతారు. ఇది ఇచ్చి, నేనున్నానని ఒక్క మాట చెప్పి వచ్చేస్తాను. తర్వాత ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను."

మా వాడు గుమ్మంలోంచే తల అడ్డంగా ఊపాడు. ఆమెని ఆస్పత్రిలో అడుగుపెట్టనివ్వద్దని అక్కడ ఒక కానిస్టేబుల్ని కూడా పెట్టాడు. వెళ్లి బయట నిలబడమని తమ్ముణ్ణి పంపించి తలుపు వేశాను.

నేను ప్రశ్నలడిగితే సుకుమారంగా అడగను. అడిగిందే మూడుసార్లు అడుగుతాను. మొన్న మామగారితో గొడవ దేనికని అడిగాను.

"మోకాళ్లు అరిగిపోయాయి మేడమ్, అయినా రోజూ పొద్దున్నా సాయంత్రం ఆ మెట్లెక్కి పైగదిలో అంకెలు చూసొస్తారు. వద్దని అరిచాను. పొద్దుట్నుంచీ ఏం తినకుండా కుడుతున్నానని ఆయన నా మీద అరిచారు. రోజూ ఉండేదే. మొన్న కిటికీ తెరిచి ఉంది, అంతే."

నాకు నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు. మిషను ఎప్పుడు మొదలుపెట్టావన్నాను. పదకొండింటికి. కరెంటు పోయినప్పుడు ఆగిందా? లేదు, కన్ను మూసి తెరిచేలోగా బ్యాటరీ అందుకుంటుంది. ఆ బ్యాటరీ పెట్టించిందే తన కోసమంది. పోయినేడు కరెంటు లేని రోజుల్లో చేత్తో చక్రం తిప్పి కుడుతుంటే ఆమె భుజం పట్టేసింది. పెద్దాయన ఎవరికీ చెప్పకుండా వెళ్లి సోలార్ మేస్త్రిని తీసుకొచ్చాడు. బ్యాటరీ లైను మీద మూడే మూడు పెట్టించాడు. ఆమె మిషను, ఈ గదిలో లైటు, ముందుగదిలో తన ఫ్యాను. ఫ్యాను కూడా వద్దన్నాడట, ఆమె ఒప్పుకోలేదు.

"మిషను మోతలో గొంతు వినబడదని, ఏదైనా కావాలంటే గోడ మీద మూడుసార్లు కొడతారు" అంది. "నిన్న కొట్టలేదు. పడుకున్నారేమో అనుకున్నాను. పడుకున్నారనుకుని ఒంటిగంటన్నర దాకా కుట్టుకుంటూ కూర్చున్నాను." అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను.

మధ్యలో ఒక్కసారైనా ఆగిందా అని మూడోసారి అడిగినప్పుడు, ఆగిందని చెప్పింది. పన్నెండుంబావు దాటాక. ఆరో కర్టెను అంచు సగంలో ఉండగా మిషనూ లైటూ ఒకేసారి పోయాయి. ఏమైందో చూద్దామని లేవబోయి, ఎలాగూ బాబిన్‌లో దారం అయిపోవచ్చిందని అది మార్చుకుంటూ కూర్చుంది. అయిదారు నిమిషాల్లో మళ్లీ వచ్చేసింది. ఆరో కర్టెను తీసి చూపించింది. అంచు మధ్యలో కుట్టు తెగి, ముడి పడి, మళ్లీ మొదలైంది.

"పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పాను. అసలు కరెంటే లేనప్పుడు ఆగిపోవడమేమిటని నవ్వారు."

*

బయటికొచ్చి ముందు గోడ మీటరు చూశాను. సీలు బాగుంది, మీటరు మంచిదే, కరెంటు పోతున్నకొద్దీ ఎర్రదీపం చక్కగా మినుకుమంటోంది. నా ఉద్యోగంలో అబద్ధమాడిన మీటర్లు తక్కువే చూశాను. తప్పు చోట బిగించినవి మాత్రం బోలెడు. కాబట్టి మీటరు ఏం చెబుతోందని కాదు, ఏ తీగ మీద కూర్చుందని చూడాలి. తీగల వెంట వేలు పెట్టుకుంటూ మెట్లెక్కాను. నా మోకాళ్లు కూడా ఆ పెద్దాయన మోకాళ్లకేం తీసిపోవు. వెనకాల మా వాడు మెల్లిగా, మెల్లిగా అంటూ నా మోచెయ్యి పట్టుకున్నాడు. కాసేపు కేసు మర్చిపోయినట్టున్నాడు.

పైగది చిన్నది. గోడకి ఇన్వర్టర్, కింద బ్యాటరీ పెట్టె, ఒక స్టూలు, స్టూలు మీద పెద్దాయన కూర్చోవడానికి కోడలు కుట్టిచ్చిన దిండు. ఇన్వర్టర్ నుంచి బయటికి పోయే తీగలు చూడగానే నాకు పని అయిపోయినట్టే అనిపించింది. అయినా మా వాడు చెబితే వినే రకం కాదు, చూపించాలి.

కిందికి తీసుకెళ్లి మీటరు ముందు నిలబెట్టాను. దీపం మీంచి చూపు తిప్పితే వీపు మీద ఒక్కటిస్తానన్నాను. ఆ అమ్మాయిని మిషను నడపమని చెప్పి, నేను ఇంటి మెయిన్ స్విచ్ ఆపాను. అంటే వీధిలో కరెంటు పోయినట్టే.

"దీపం ఆగింది" అన్నాడు బయట్నుంచి.

"మిషను?"

కిటికీలోంచి మిషను మోత గలగలా వినబడుతూనే ఉంది. బయటికెళ్లి చూస్తే మా వాడు మెడ గోక్కుంటున్నాడు. తప్పు చేశానని తెలిసినప్పుడు మూడేళ్ల వయసు నుంచీ వాడు చేసే పని అదే.

విడమరిచి చెప్పాను. పైన తయారైన కరెంటు ఇన్వర్టర్‌లోకి వస్తుంది. అక్కణ్ణుంచి రెండు దారులు. ఒకటి ఇంటి పెద్ద లైనులోకీ, మిగిలితే వీధిలోకీ. రెండోది ఆ మూడింటికి మాత్రమే, మిషను, లైటు, ఫ్యాను. గోడ మీటరు మొదటి దారిలో ఉంది. వీధిలో కరెంటు పోగానే ఇన్వర్టర్ మొదటి దారి మూసేస్తుంది, లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్‌కి షాకు కొడుతుంది. రెండో దారి మాత్రం ఎండతోనూ బ్యాటరీతోనూ నడుస్తూనే ఉంటుంది. మీటరు చూసే దారిలో కరెంటే పోలేదు, అది సున్నా రాసుకుంది. దాని తప్పేం లేదు.

"ఇది ఎవరికైనా ముందే తెలుసా?" అన్నాడు.

కిటికీలోంచి ఆ అమ్మాయి అందుకుంది. "మామయ్యకి తెలుసు. గోడ మీటరుదీ, పైగదిలో ఇన్వర్టర్ తెరదీ, రెండు లెక్కలూ నోటుబుక్కులో రాసుకునేవారు. అది మీరే తీసుకెళ్లారు కదా సార్."

మా వాడు చొక్కా లోపల్నుంచి నోటుబుక్కు తీశాడు. నా కళ్లలోకి చూడలేదు. పేజీకి రెండు వరసలు. ఒకదానిపైన "గోడ" అని, రెండోదానిపైన "గది" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. మామూలు రోజుల్లో రెండిటికీ తేడా కొద్దిగా. గోడ పదకొండు, గది పన్నెండు. కరెంటు పోయిన రోజుల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. అక్కడ గోడ ఆరు, గది పదకొండు. ఆ పెద్దాయన బడిలో ఎంత చదివాడో నాకు తెలియదు గానీ, నా కింద పనిచేసిన ఇంజనీర్లకి ఈ పుస్తకం చూపించి ఉంటే బాగుండేదనిపించింది.

చివరి పేజీలో, మొన్నటి తేదీ కింద, రెండే ముక్కలు. "పది అన్నాడు. నాలుగే."

"ఇదేమిట్రా?"

"ఏదో కూరగాయల లెక్క అనుకున్నాను" అన్నాడు మా ఇన్‌స్పెక్టరు గారు.

*

మళ్లీ మెట్లెక్కాం. ఈసారి వాడు నన్ను దాదాపు ఎత్తుకున్నంత పని చేశాడు. బ్యాటరీ పెట్టె ముందు చతికిలబడి, దానికి అంటించిన చీటీ చూశాను. కొత్త చీటీ, పది యూనిట్లు దాచుకుంటుందని రాసి ఉంది. ఒక మూల కొంచెం లేచి ఉంటే గోరుతో లాగాను. కింద ఇంకో చీటీ. అదే పెట్టె, కానీ ఆరేళ్ల కిందటి తేదీ. ఎక్కడో వాడి పారేసిన బ్యాటరీని కడిగి కొత్తదని పెట్టారు. నిండుగా ఉన్నప్పుడు పది ఇవ్వాల్సింది నాలుగే ఇస్తోందని పెద్దాయన అంకెల్లో పట్టేశాడు.

"ఈ మేస్త్రి ఎన్ని ఇళ్లకి బిగించాడు?"

"నలభై దాకా" అన్నాడు తమ్ముడు. గొంతు మారింది.

ఇన్వర్టర్ తెర మీద బొత్తాలు నొక్కుతూ, జరిగిన సంగతులు వరసగా చూపించే పేజీకి వెళ్లాను. ఈ పేజీ ఒకటుందని చాలామంది మేస్త్రీలకే తెలియదు. బిగించేటప్పుడు ఎవరూ అక్కడిదాకా వెళ్లరు. నిన్నటి తేదీ కింద అయిదు వరసలున్నాయి. తమ్ముణ్ణి చదవమన్నాను, నా కళ్లజోడు కింద మర్చిపోయాను.

వాడు చదివాడు. పదకొండూ ఐదు, వీధి కరెంటు పోయింది. పన్నెండూ పద్నాలుగు, మేస్త్రి మెనూ తెరిచారు. పన్నెండూ పద్దెనిమిది, ఇన్వర్టర్ ఆపారు. పన్నెండూ ఇరవైనాలుగు, ఇన్వర్టర్ మొదలైంది. ఒకటీ ముప్పై ఐదు, వీధి కరెంటు వచ్చింది.

"ఆ ఆరు నిమిషాలే ఆరో కర్టెను" అన్నాను. "ఇప్పుడు ఆ మేస్త్రి మెనూ తెరువు."

తెరవబోయాడు. నాలుగంకెల నంబరు అడిగింది. కింద ఆ అమ్మాయిని కేకేసి అడిగాడు. ఆ నంబరు తమకెప్పుడూ చెప్పలేదని, మామయ్య రెండుసార్లు అడిగినా మేస్త్రి నవ్వి ఊరుకున్నాడని ఆమె చెప్పింది.

"నిన్న పదకొండు నుంచి రెండు దాకా వేరే ఇంటి మీద పని చేస్తున్నానన్నాడక్కా."

"అన్నాడు. గోడ మీటరు సున్నా అంటే సిస్టం ఆగినట్టేనని కూడా రాసిచ్చాడు. ఆ మీటరు అక్కడ బిగించినవాడికి అది ఏ దారి చూస్తుందో తెలియదా? బ్యాటరీ స్విచ్ ఆపి ఉందన్నాడు, ఆ సంగతి ఈ అయిదు వరసల్లో ఎక్కడుంది? నీకంటే ముందు పైకెళ్లి చూసొచ్చింది ఎవరు?"

మిగతాది వాడే అల్లుకున్నాడు. పెద్దాయన మొన్న ఫోను చేసి నాలుగే ఎందుకని అడిగి ఉంటాడు. కరెంటు పోయి, గోడ మీటరు ఎలాగూ సున్నా రాసుకునే వేళ చూసుకుని మేస్త్రి పక్కసందులోంచి పైకొచ్చాడు, తెర మీద నాలుగుకి బదులు పది కనబడేట్టు మార్చబోయాడు. అలా మార్చాలంటే ఒకసారి ఆపి మొదలుపెట్టాలి. ఆపగానే ముందుగదిలో ఫ్యాను ఆగింది. కోడలి మిషను కూడా ఆగి ఉంటుందని ఆ మనిషి లేచాడు. అరిగిన మోకాళ్లతో ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చి మేస్త్రి కంటబడ్డాడు, అతను కిందికి తోసేశాడు. తన ఫ్యాను కోసమైతే వచ్చేవాడు కాదు.

తమ్ముడు మెట్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ఇద్దరికీ ఒకేసారి తట్టింది. పెద్దాయన సాయంత్రానికి కళ్లు తెరవచ్చు. తెరిస్తే ఎవరు తోశారో చెబుతాడు. ఆయన మంచం పక్కన రాత్రీ పగలూ కూర్చున్నది ఎవరు? కోడల్ని దూరంగా పెట్టి, ఆ మనిషిని అక్కడ కూర్చోబెట్టింది మా తమ్ముడే.

వాడు అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఆస్పత్రిలో కానిస్టేబులు ఉత్సాహంగా మాట్లాడాడు. ఆ కోడలు రాలేదు సార్, ఇంతసేపూ గుమ్మం వదల్లేదు సార్. ఇప్పుడే పెద్దాయన వేళ్లు కదిపారు. డాక్టర్ని తనే పిలుస్తానని, పాపం పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నావు, వెళ్లి టీ తాగి రమ్మని మేస్త్రి గారు పంపారు.

"నువ్వెక్కడున్నావు?"

"కింద క్యాంటీన్లో సార్."

"పైకి పరిగెత్తు. ఫోను పెట్టెయ్యకు."

మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. వాడు జీపు ముందు తలుపు తెరిచి, ఎక్కబోతున్న నన్ను వెనక్కి నెట్టి, గుమ్మంలో నిలబడ్డ ఆ అమ్మాయిని పిలిచాడు.

"నువ్వు ముందు కూర్చోమ్మా. కళ్లజోడు తెచ్చుకున్నావా?"

ఆమె పిడికిలి విప్పి చూపించింది. ఎక్కి కూర్చుంది. జీపు కదిలేసరికి మూడూ పది. ఫోను స్పీకరు మీద పెట్టి ఆమె చేతికిచ్చాడు. అందులోంచి కానిస్టేబులు మెట్లెక్కుతున్న చప్పుడు, ఒగర్పు. గది మూడో అంతస్తులో ఉంది.

"సార్, తలుపు లోపల గడియ పెట్టి ఉంది. కొడితే పలకడంలేదు."

పగలగొట్టమని తమ్ముడు అరిచాడు. ఇనుప తలుపు సార్ అన్నాడు అతను. మనుషుల్ని పిలుచుకు రావాలి. అప్పుడు ఆ అమ్మాయి, ఫోనుని తలుపుకి ఆనించి పట్టుకోమని కానిస్టేబులుకి చెప్పింది. చెప్పి, మిషను మోత మీంచి అరిచే అలవాటున్న గొంతుతో పిలిచింది.

"మామయ్యా, నేను. వస్తున్నాను. దారిలో ఉన్నాను."

అవతల మొదట ఏమీ వినబడలేదు. తర్వాత, మంచం ఇనుప చట్రం మీద వేలి కణుపులతో కొట్టినట్టు, నెమ్మదిగా మూడుసార్లు.

ఆమె కళ్లజోడుని గుండెకి అదుముకుని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పెద్దాయనకి స్పృహ వచ్చిందని మాతోపాటు ఆ గదిలో ఉన్న ఇంకో మనిషికి కూడా ఇప్పుడు తెలిసింది.